గొంతు వచ్చిన కోడలు

మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. కాటన్‌పేట వెనక సందుల్లో పట్టుచీరలు నేసే ఇళ్ళున్నాయి, వాటిలో మా పుట్టిల్లు ఒకటి. కింద మరమగ్గాలు, పైన కాపురం. పొద్దున కాఫీలు కాగానే మా అన్న స్విచ్ వేస్తాడు. అప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా ఆ టకటక ఆగదు. గోడలు అదురుతాయి, గిన్నెల మీద మూతలు అదురుతాయి, తాగే నీళ్ళు గ్లాసులో అదురుతాయి. ఆ ఇంట్లో కూరలో ఉప్పు వేశావా అని అడగాలన్నా అరవాల్సిందే.

అరుపు చాలని చోట చేతులున్నాయి. రెండు వేళ్ళు పెదాల దగ్గర పెడితే టీ కావాలని. బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపిస్తే చీరలు తీసుకోడానికి బళేపేట సేటు వచ్చాడని. పేరు పెట్టి పిలవడం మాకు అలవాటు లేదు, భుజం తడతాం. పెళ్ళిళ్ళకి వెళ్తే మా వాళ్ళు ఎక్కడ కూర్చున్నారో వెతుక్కోనక్కర్లేదు, మండపం గేటు దగ్గరికే వినిపిస్తారు. దీనికి మేమెప్పుడూ సిగ్గుపడలేదు. మా వంశం చెవులు కొంచెం మందం, గొంతులు గట్టివి అని నవ్వుతూ చెప్పుకునేవాళ్ళం.

నన్ను మాత్రం చిన్నప్పుడే చదువు కోసం బసవనగుడిలో మా పెద్దమ్మ ఇంటికి పంపేశారు. అక్కడ గడియారం కొట్టుకోవడం కూడా వినిపించేది. కొత్తలో నాకు ఆ నిశ్శబ్దానికి నిద్రపట్టక ఏడ్చేదాన్నట. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు అనువాదాలు చేసి బతుకుతున్నాను. పెద్ద పెద్ద హోటళ్ళలో సభలు జరుగుతాయి కదా, అక్కడ వేదిక మీద ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే వెనక గాజు గదిలో కూర్చుని కన్నడంలోనో తెలుగులోనో చెప్పేది నాలాంటివాళ్ళే. చెవులు బాగుండాల్సిన పని. ఆదివారాలు మాత్రం మా అన్న ఇంటికి వెళ్ళి, గొంతు చించుకుని వస్తాను.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. బయట ఎక్కడా నేను వినలేదు. కొత్తగా వచ్చిన కోడలికి మొదట్లో గొంతు ఉండదు. ఏదో చెబుతుంది, పెదాలు కదులుతాయి, ఎవరికీ వినపడదు. అత్తగారు విసుక్కుంటుంది, మామగారు నవ్వుతాడు. ఆ పిల్ల మగ్గం మీద కూర్చోవడం మొదలుపెట్టిన ఏడాదికో రెండేళ్ళకో, ఒకరోజు ఉన్నట్టుండి మగ్గాల మోత దాటి అరుస్తుంది. ఆ రోజు ఇంట్లో ఒబ్బట్లు, అంటే బొబ్బట్లు, చేస్తారు. కోడలికి గొంతు వచ్చిందని సందంతా పంచుతారు. మా అమ్మకి చేశారు, మా వదినకి చేశారు. పుట్టింటి పిల్ల ఆ రోజు నుంచి మా ఇంటి పిల్ల అయినట్టు లెక్క.

మా మేనల్లుడి పెళ్ళాం హిందూపురం దగ్గర పల్లెటూరి పిల్ల. ఆరేళ్ళ కిందట వచ్చినప్పుడు దాని గొంతు ఎంత సన్నగా ఉండేదంటే, ఆదివారం పూట మగ్గాలు ఆపి ఉన్నప్పుడు కూడా మా వదిన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఈ పిల్లకి దేవుడు గొంతే పెట్టలేదప్పా!" అనేది. పాటలు పాడేది మాత్రం. వంటింట్లో గిన్నెలు తోముతూ తనకోసం తాను పాడుకునేది. నేను ఒక్కదాన్నే వినేదాన్ని, ఆ ఇంట్లో వినగలిగింది నేనే కాబట్టి.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఇంట్లో ఒబ్బట్ల వాసన. ముందురోజు మగ్గాలన్నీ ఆడుతుండగా, పొంగే పాల వాసన తగిలి ఆ పిల్ల కింద నుంచి, "అత్తమ్మా, పాలు పొంగుతా ఉండాయ్!" అని ఒక్క అరుపు అరిచిందట. మేడ మీద ఉన్న మా వదిన ఉలిక్కిపడిందట. "ఇంగ మనింటి మనిషి అయిపోయె" అని మా అన్న మురిసిపోతూ చెప్పాడు. కోడలు సిగ్గుపడుతూ నా చేతిలో ఒబ్బట్టు పెట్టింది. నేను నెయ్యి వేయించుకుని మరీ తిన్నాను.

తర్వాత పాప పుట్టింది. మా ఇంటి పిల్లలందరి లాగానే దానికీ కింద మగ్గాల గదిలోనే, గోడకున్న కొక్కేలకి పాత పట్టుచీరతో ఉయ్యాల కట్టారు. తల్లి మగ్గం మీద, బిడ్డ చెయ్యి చాపితే అందే దూరంలో. అంత మోతలోనూ ఆ పిల్ల ఆదమరచి నిద్రపోయేది. కరెంటు పోయి మగ్గాలు ఆగితే లేచి ఏడ్చేది. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరికీ మా వదిన ఇదే చూపించేది. "దేనికీ బెదరదు. పిలవదు, గోల చెయ్యదు. ఏమన్నా కావాలంటే చీర కొంగు పట్టి లాగుతాది, అంతే. బంగారు తల్లి!" అనేది. నేనూ ఫోనులో వీడియో తీసి నలుగురికి చూపించాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ముసాయిదా సభకి వెళ్ళిన రోజు దాకా మా ఇల్లు నాకు ఒక తమాషా ఇల్లు. ఆ రోజు తర్వాత కాదు.

వ్యాపారాలు లాభాల కోసం మనుషుల హక్కుల్ని తొక్కకుండా ఉండాలంటే ప్రతి దేశమూ ఒక కార్యాచరణ ప్రణాళిక రాసుకోవాలట. కొన్ని దేశాలు రాసుకున్నాయి. మన దగ్గర ముసాయిదా దగ్గర ఆగి ఉంది. దాని మీద నాలుగు మాటలు చెప్పండని కార్మికుల కోసం పనిచేసే ఒక సంస్థ వాళ్ళు అధికారుల్నీ కంపెనీల వాళ్ళనీ పిలిచి ఒక హోటల్లో సభ పెట్టారు. నన్ను అనువాదానికి పిలిచారు. ముందురోజే ఆ కాగితాలన్నీ చదివాను. అందులో అసలు సంగతి మూడు మాటల్లో ఉంది. సర్కారు కాపాడాలి. వ్యాపారం గౌరవించాలి. నష్టపోయిన మనిషికి దారి దొరకాలి. నాకు భలే నచ్చింది. ఇంత చక్కటి మాటలు అనువాదం చేయడం రోజూ దొరికే పని కాదు. ఎక్కువగా నాకు దొరికేవి టైల్స్ కంపెనీ మీటింగులు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నా పక్కన ఒక డాక్టరమ్మ కూర్చుంది. కార్మికులకి పనివల్ల వచ్చే రోగాలు చూస్తుంది. గుంటూరు వైపు మనిషి, తెలుగు మాట్లాడే తోడు దొరికిందని సంబరపడింది. నా గొంతు విని, "మీరు మైకు లేకుండా కూడా చెప్పొచ్చండీ" అని ఆట పట్టించింది. నేను కూడా ఉత్సాహంగా మా మగ్గాల ఇంటి సంగతి మొదలుపెట్టాను. సైగలు చేసి చూపించాను. ఆవిడ పగలబడి నవ్వింది. ఇంకా నవ్విద్దామని పాప వీడియో తీసి, "మా ఇంటి పిల్లకి మగ్గం మోతే జోలపాటండీ, ఆపితే ఏడుస్తుంది" అన్నాను.

ఆవిడ చేతిలో స్పూను కింద పెట్టేసింది. వీడియో అయిపోయింది. మళ్ళీ పెట్టమంది. రెండోసారి చూస్తుండగా ఆవిడ మొహంలో నవ్వు మొత్తం పోయింది.

"పాప ఎన్నాళ్ళ నుంచి ఆ గదిలో పడుకుంటోంది?"

"పుట్టినప్పటి నుంచీ. ఏడాది దాటింది."

"మాటలు వచ్చాయా?"

రాలేదు. మా ఇంటి పిల్లలు ఆలస్యంగా మాట్లాడతారు అని మా వదిన అనే మాట నోటిదాకా వచ్చింది.

"వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా?"

నేను ఆలోచించాను. ఆ ఇంట్లో దాన్ని పేరు పెట్టి పిలిచిన మనిషే లేడు. అందరం తడతాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మరమగ్గాల గదిలో పెద్దవాళ్ళ చెవులే నిలవవనీ, పసిపిల్ల చెవుల సంగతి చెప్పనక్కర్లేదనీ, రేపే పరీక్ష చేయించమనీ చెప్పింది. "మీ వంశానిది కాదండీ ఆ చెవుడు. మగ్గాలది" అంది.

మధ్యాహ్నం మళ్ళీ గాజు గదిలోకి వెళ్ళాలి. వేదిక మీద ఎవరో నష్టం ముందే పసిగట్టడం గురించి చెబుతున్నారు. నా నోరు తెలుగులో చెబుతోంది, కళ్ళ ముందు ఉయ్యాల ఊగుతోంది. ఒకచోట నోరు ఆగిపోయింది. చెవులకి యంత్రాలు పెట్టుకుని వింటున్న వాళ్ళు వెనక్కి తిరిగి నా గాజు గది వైపు చూశారు.

సభ అవగానే ఆటో పట్టుకుని కాటన్‌పేట వెళ్ళాను. మగ్గాలు ఆడుతున్నాయి. కోడలు మగ్గం మీద ఉంది, పాప ఉయ్యాల్లో నిద్రపోతోంది. మెట్ల మీద నిలబడి మొదటిసారి ఆ మోతని మోతలా విన్నాను. చెవుల్లో ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది. ఇన్నేళ్ళూ ఇందులోనే నవ్వుకున్నామా? మా అన్న దగ్గరికి వెళ్ళి ఆపమని సైగ చేశాను. నాకు పిచ్చెక్కిందనుకున్నాడు. "ఏమాయె నీకు? అంచు మధ్యలో ఉండాది!" అని అరిచాడు. నేనే వెళ్ళి మెయిన్ స్విచ్ లాగేశాను.

ఒక్కసారిగా ఇల్లంతా నిశ్శబ్దం. పాప దగ్గరికి వెళ్ళి చప్పట్లు కొట్టి చూద్దామనుకున్నాను. ఆలోపే నిశ్శబ్దానికి అది లేచి ఏడుపు లంకించుకుంది. "చూస్తివా! ఆపితే ఏడుస్తాదని చెప్తానే ఉండాను కదా!" అని మా వదిన మెట్ల మీద నుంచి గర్వంగా నవ్వింది. మా అన్న నవ్వాడు. తల్లి కూడా నవ్వింది. అది మోత ఆగినందుకు లేచిందో, ఉయ్యాల అదురు ఆగినందుకు లేచిందో నాకు తెలియలేదు. డాక్టరమ్మ చెప్పిందంతా అరుస్తూ చెప్పాను. మా అన్న సగం విని, "మమ్మల్నంతా ఈ ఉయ్యాల్లోనే పెంచినారు, ఏమాయె? నిన్నూ కూడా" అన్నాడు. అంటూ చెవి నా వైపు తిప్పాడు, నా జవాబు వినపడాలని. ఆ తిప్పడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ రోజే కనిపించింది.

కోడలు మాత్రం మారుమాట లేకుండా బిడ్డని ఎత్తుకుని, "ఎప్పుడు పోదాం అత్తా?" అంది.

ఆసుపత్రిలో చెవుల పరీక్ష చేసే అమ్మాయి చిన్నది, నెమ్మదస్తురాలు. పాపకి పాలు పట్టి నిద్రపుచ్చమంది. నిద్రపోయాక నుదుటికీ చెవుల వెనకా తీగలు అంటించి, ముందున్న తెర మీద గీతలు చూస్తూ కూర్చుంది. నేను గోడకానుకుని నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. మగ్గాలు అమ్మించేస్తానని మొక్కుకున్నాను, అవి నావేం కాకపోయినా. చివరికి ఆ అమ్మాయి నవ్వింది.

"పాపకి బాగానే వినిపిస్తోంది. అదృష్టవంతురాలు. కానీ ఆ గదిలో ఇంక ఒక్క పూట కూడా పడుకోబెట్టకండి."

నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. కోడలు నా మొహమూ ఆ అమ్మాయి మొహమూ మార్చి మార్చి చూస్తోంది. బాగుంది, బాగుంది అని చేతులతో చెప్పాను. అప్పుడు దాని మొహం విచ్చుకుంది. బిడ్డ గుడ్డలు సర్దుకోవడానికి అటు తిరిగింది.

ఆ అమ్మాయి వెనక నుంచి, "మరి పాప ఇంకా మాట్లాడటం లేదన్నారు, ఇంట్లో మీరు దానితో బాగా మాట్లాడతారా అమ్మా?" అని అడిగింది. కోడలు గుడ్డలు మడుస్తోంది. మళ్ళీ అడిగింది. కోడలు మడుస్తూనే ఉంది. మూడోసారి అడగలేదు. నా వైపు చూసి, "ఈవిడకీ ఒకసారి చూద్దాం" అంది.

గాజు అద్దం ఉన్న చిన్న గదిలో కోడల్ని కూర్చోబెట్టారు. చెవులకి పెద్ద డొప్పలు తగిలించారు, చేతికి ఒక మీట ఇచ్చారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. నేను బయట ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. ఆమె ఏవో తిప్పుతోంది, నొక్కుతోంది, రాసుకుంటోంది. అద్దంలోంచి కోడలు నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. కాసేపటికి దానికి విసుగొచ్చినట్టుంది. మీట పైకెత్తి చూపించి, మా ఇంటి సైగల్లో, 'ఇంకా మొదలుపెట్టలేదా అత్తా?' అని అడిగింది.

నేను పక్కకి తిరిగి అదే మాట అడిగాను. "ఎప్పుడో మొదలుపెట్టానండీ" అంది ఆ అమ్మాయి. "ఇందాకటి నుంచీ పంపిస్తూనే ఉన్నాను."

అద్దానికి అవతల అది ఇంకా నవ్వుతూనే ఉంది. నేనేం సైగ చెయ్యాలో నాకు తెలియలేదు. మా ఇంట్లో టీకి సైగ ఉంది, సేటుకి సైగ ఉంది, దీనికి లేదు.

లావు గొంతులు, పెద్ద శబ్దాలు దానికి కొంతవరకు వినిపిస్తాయట. సన్నటివి పోయాయి. పిట్టల అరుపులు, గజ్జెలు, పిల్లల గొంతులు. పోయింది ఇంక తిరిగి రాదనీ, మిషను పెట్టుకుంటే కొంత మేలనీ, మగ్గం మీద కూర్చుంటే ఉన్నదీ పోతుందనీ చెప్పింది. పాప ఎందుకు మాట్లాడదో కూడా చెప్పింది. "పిలిచి ఉంటుందండీ. పిలిస్తే అమ్మ తిరగలేదు. కొంగు లాగితే తిరిగింది. పిల్లలు ఏది పనిచేస్తే అది నేర్చుకుంటారు." మేమందరం బంగారు తల్లి అని మెచ్చుకున్నది అదన్నమాట.

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాక, దాని మొహం నా వైపు తిప్పుకుని ఒక్కొక్క మాటే చెప్పాను. అది నా పెదాలు చూస్తూ తలాడించింది. ఏడవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎప్పటి నుంచి వినపడటం లేదే? ఒక్కరికైనా ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. బెంచీ మీద అవతలున్న ముసలాయన ఇటు చూశాడు.

"మగ్గం ఆపినాంక కూడా చెవులో మగ్గం ఆడతా ఉంటాది. పండుకుంటే కూడా ఆడతాది. అందరికీ అట్లే కదా అత్తా?" అంది, ఆసుపత్రి అంతా వినేట్టు. పాప కాళ్ళు కొంగుతో కప్పి, "మీరంతా ఒబ్బట్లు పెడితిరి కదా. ఈ ఇంట్లో గొంతు వస్తే చెవు కొంచెం పోతాదేమో, అది ఇక్కడి పద్ధతేమో అనుకుంటి. అత్తమ్మ కూడా అట్లే ఉండాది, పెద్దవ్వ కూడా అట్లే ఉండె అని చెప్తారు. నేను మీ ఇంటి దాన్ని అయినట్టే కదా అని సంతోషపడితిని" అంది.

గొంతు వచ్చిందని మేం పండగ చేసుకున్నది దేనికి? తన గొంతు తనకే వినపడక అది అరిచింది. చెవులు పోయిన రోజున నెయ్యి వేసుకుని తిన్నాం.

ఆ సాయంత్రం మగ్గాలు ఆపించి అందరినీ కూర్చోబెట్టాను. మా అన్నది ఒకటే పాట. "మన వంశమే అంతప్పా. మన చెవులే మందం."

"ఇది మన వంశం పిల్లా?" అన్నాను. "హిందూపురం నుంచి తెచ్చుకున్నాం. వచ్చినప్పుడు చీమ నడిచినా వినేది. వంశం నాది. నన్ను చిన్నప్పుడే మగ్గాలకి దూరంగా పంపేశారు, నాకు బ్రహ్మాండంగా వినిపిస్తుంది. రక్తం నాది, చెవుడు దానిది. ఇదేం లెక్క అన్నా?"

ఈలోగా మా వదిన చెయ్యి మెల్లగా చెవి దగ్గరికి వెళ్ళింది. ఆమెదీ మా వంశం కాదు. మాలూరు పిల్ల. ఆమె మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. "మా నాయన ఈలేసి మేకల్ని పిలుస్తా ఉండె. ఊరి బయట నుంచి వినపడతా ఉండె నాకు" అంది, ఎవరితోనో కాదు, ఊరికే. ఆమెకి కూడా ఆ రోజే తెలిసింది. మనవరాలు పుట్టాక.

ఉయ్యాల ఆ పూటే పైకి మార్చారు. మిగతావి మారలేదు. ఇల్లు నడవాలి. చెవుల్లో పెట్టుకునే బిరడాలు తెచ్చి ఇచ్చాను. నాలుగు రోజులు పెట్టుకున్నారు, పోగు తెగినప్పుడు మగ్గం మోత మారేది తెలియడం లేదని మా అన్న తీసేశాడు. కోడలు పెట్టుకుంటోంది. మగ్గం మానెయ్యవే అంటే, "మానేస్తే ఎవరు నేస్తారత్తా, నువ్వొచ్చి నేస్తావా?" అని నవ్వుతుంది. దానికి కావలసింది ఒకటే. బిడ్డ మాట్లాడటం మొదలుపెట్టే లోపల చెవికి మంచి మిషను. బిడ్డ మొదటి మాట తను వినాలి. ఆ మిషను ఖరీదు మా ఎవరి వల్లా అయ్యేది కాదు.

ఆ ముసాయిదా మీద రెండో సభ పెట్టారు, అందులో పనివాళ్ళ మాటలూ వింటామన్నారు. ఈసారి గాజు గదిలోకి వెళ్ళనని చెప్పి, కోడల్నీ పాపనీ వెంటబెట్టుకుని వెళ్ళాను. నా మనసులో పెద్ద ఆశే ఉంది. కాపాడాలి, గౌరవించాలి, దారి దొరకాలి. ఆ మాటల్ని నా నోటితోనే కదా అందరికీ చెప్పాను.

కోడలి వంతు వచ్చింది. ఎవరో మైకు చేతికిచ్చారు. అది లేచి, మగ్గాల మోత దాటే గొంతుతోనే మొదలుపెట్టింది. మైకు కీచుమంది. ముందు వరసలో కొందరు చెవులు మూసుకున్నారు. నిర్వహిస్తున్నావిడ లేచి, మెల్లగా, మెల్లగా అని చెయ్యి ఊపింది. కోడలు అటు చూడటం లేదు. సభలో సన్నగా నవ్వులు. ఆ నవ్వులు దానికి వినపడలేదు. నాకు వినపడ్డాయి.

"నేను నేసే చీర బళేపేట సేటు తీసుకుపోతాడు. ఆయన దగ్గర నుంచి పెద్ద షోరూముకి పోతాది. ఆ చీరకి ఒక కార్డు కట్టి ఉంటాది, ఎవరికీ హాని లేకుండా నేసిన చీర అని. నాకు చెవులు పోయినాయి. నా బిడ్డ మాట నాకు వినపడాల. దానికి నేను ఎవర్ని అడగాల?" అంది. కూర్చుంది.

నవ్వులు ఆగిపోయాయి. షోరూముల తరఫున వచ్చినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. తమ బాధ్యత తాము నేరుగా కొనే చోటి దాకానే అన్నాడు, అంటే సేటు దాకా. ఒక అధికారి నన్ను అడిగాడు, మగ్గాలు ఎవరివని. మా అన్నవి అన్నాను. ఈమెకి జీతం ఇస్తారా అన్నాడు. ఇంటి కోడలండీ అన్నాను. ఆయన నిజంగా బాధపడుతూనే చెప్పాడు. "అయితే ఈమె కార్మికురాలు కాదు కదమ్మా. కుటుంబం. ఒకవేళ ఇది వ్యాపారం అనుకుంటే, ఈమెకి నష్టం చేసిన వ్యాపారి మీ అన్నగారే అవుతారు."

మా అన్న! ఒక చెవి పూర్తిగా, ఇంకో చెవి ముప్పాతిక పోయిన మా అన్న. చీర కట్టేవాళ్ళు కాదు, కార్డు కట్టినవాళ్ళు కాదు, సేటు కాదు. ఆ కాగితాల కట్టంతా తిరగేస్తే చివరికి దొరికిన దోషి ఆయన. కోడలు నా మోచెయ్యి లాగుతోంది, ఏమన్నారని. నా బతుకంతా ఒకరి మాట ఇంకొకరికి చెప్పడమే. ఆ మాట దానికి చెప్పలేకపోయాను. 'రాసుకున్నారు' అని సైగ చేశాను. అది సరే అని తలాడించింది.

బయట హోటల్ మెట్ల దగ్గర ఆటో కోసం నిలబడ్డాం. పాప దాని చంకలో ఉంది. కోడలు రోడ్డు వైపు చూస్తోంది. పాప తల్లి మెడ మీద తల పెట్టుకుని, నన్ను చూస్తూ, చాలా మెల్లగా అంది.

"అమ్మ."

నేను పొరబడ్డాననుకున్నాను. పాప తల ఎత్తి, తల్లి చెంపకి నోరు ఆనించి, మళ్ళీ అంది. "అమ్మ." దాని నోటికీ తల్లి చెవికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. కోడలు ఆటో వస్తోందేమోనని చూస్తూనే ఉంది.

నేను భుజం తట్టాను. పిలిచింది, నిన్నే పిలిచింది అన్నాను. దానికి నమ్మబుద్ధి కాలేదు. "ఎప్పుడు? ఇప్పుడా? ఏమనె?" నా పెదాలు చూసింది. నేను చెప్పాను. దాని కళ్ళు నిండిపోయాయి. పాపని ఎదురుగా పట్టుకుని, మొహంలో మొహం పెట్టి, "ఇంకొక సారి చెప్పు తల్లీ" అంది. పాప చెప్పింది. నాకు చక్కగా వినిపించింది. కోడలు పెదాలు కదలడం చూసింది, తల అడ్డంగా ఊపింది. "గట్టిగా చెప్పు. అమ్మకి వినపడాల. గట్టిగా!"

పాప ఇంకొంచెం పెంచింది. చాలలేదు. "ఇంకా గట్టిగా!" అని తల్లి అరిచింది. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. పాప ఊపిరి పీల్చుకుని, మెడ నరాలు పొంగేలా, మొహమంతా ఎర్రబడేలా అరిచింది.

"వినపడె! వినపడె అత్తా!" అని కోడలు దాన్ని ముద్దులతో ముంచేసింది. ఏడుస్తూ నవ్వుతోంది. ఏం చేస్తే అమ్మ ఇంత సంతోషపడిందో పాపకి అర్థమైపోయింది. ఆటోలో కూర్చున్నాక కాటన్‌పేట దాకా అమ్మా అమ్మా అని అరుస్తూనే వచ్చింది. మెల్లగా మాత్రం ఆ రోజు తర్వాత ఒక్కసారి కూడా పిలవలేదు.